గృహోపకరణవియోగము: భావవిచారము

కావ్యమునకు వస్తువు కాఁదగిన దేది, కాఁదగని దేది యను చర్చ మన యాలంకారికులలోఁ బ్రాచీనమైనది. రాజ్యభ్రంశము, ప్రియావియోగము, పుత్రశోకము మొదలగు మహావిషయములయెడ నెవ్వరికిని సంశయము లేదు. కాని యింటిలోఁ దరతరములుగా వాడఁబడి, యుపయోగము తీఱి, తుదకు వాకిలి దాఁటింపఁబడు రోలు, తిరుగలి, భోషాణము, గంగాళము మొదలగువానిని విడుచునపుడు గృహస్థుల మనస్సునఁ గలుగు చలనమునకు సాహిత్యమున స్థానము కలదా? కలదేని దాని కే పేరు తగును? అది కరుణమా, కరుణాభాసమా, లేక వట్టి మోహమా? ఈ ప్రశ్న స్వల్పముగఁ దోఁచినను, రసశాస్త్రము నేఁటి గృహజీవితమున కెంతవఱకు వర్తించునో దీనివలనఁ దేటపడును గావున విచారింపఁదగియున్నది.

హైదరాబాదు నగరమధ్యమునందలి అమీరుపేట, పంజాగుట్ట ప్రాంతము లీ విచారమునకుఁ దగిన తావులు. 1956వ సంవత్సరమున నాంధ్రప్రదేశ రాష్ట్ర మేర్పడి హైదరాబాదు రాజధాని యైన పిదప నిచ్చట గృహనిర్మాణము విస్తరించెను. వసారాయుఁ బెరడును గల యిండ్లు వెలసెను. తరువాతి దశాబ్దములలో వానిలోఁ బెక్కు పడి, యా తావులనే యంతస్తుల భవనములు లేచెను. 2017వ సంవత్సరము నవంబరు మాసమున మెట్రో రైలు నడకకు వచ్చుటతో నమీరుపేట రెండు మార్గములు కలియు కూడలి యయ్యెను. భూమి వెల పెరిగినకొలఁదిఁ బెరడు తఱిగెను. పెరడు లేని యింట రోలున కునికి లేదు. నాల్గవ యంతస్తున రోఁకలి పడినచోఁ గ్రిందియింటివారు సహింపరు. కావున నిల్లు మాఱునాఁడు రోలును దిరుగలియు మొదట వెనుకఁబడును. గంగాళము, కొప్పెర, భోషాణము వాని ననుసరించును. తోపుడుబండితో వీథులఁ దిరుగుచుఁ బ్రాఁతసామానులు కొందుమని కేకవైచువాని కవి చేరును. ఇఁక వంటయింటి విద్యుద్యంత్రముల విషయమునఁ బ్రాఁతదాని నిచ్చి క్రొత్తదానిని కొను పద్ధతి దుకాణములలో నుండనే యున్నది. జనులు దాని నెక్స్ఛేంజి యందురు. ఎఱ్ఱగడ్డలో నాదివారము కూడు సంతలో నిట్టి ప్రాఁతవస్తువులు క్రొత్త యజమానులకై కనిపెట్టుకొని యుండును. ఈ త్యాగము నిత్యకృత్యము. దానివెంటఁ గలుగు చిన్నబాధయు నంతే నిత్యము. దానిని గూర్చి పద్యములు, స్మృతివ్యాసములు పుట్టుటయు సహజమే. వాని గుణదోషముల నెంచుటకు ముందు మూలభావమును నిర్ణయింపవలయును.

మొదటి యాక్షేపము: ఆలంబనము చేతనము కావలయును, రోలు చేతనము గాదు, కావున రసప్రసక్తి లేదు. ఈ యాక్షేపమునకుఁ బూర్వులే సమాధానము చెప్పియున్నారు. అచేతనవస్తువృత్తాంతమునందు రసము లేదన్నచోఁ గావ్యరాశిలోఁ బెక్కుభాగము నీరసమని యొప్పుకొనవలసి వచ్చునని యానందవర్ధనుని వాదము. సత్కవి యచేతనములనుగూడఁ జేతనములవలె మెలఁగఁజేయఁ గలఁడనియు నాతఁడే చెప్పెను. రమ్యమైనను రోఁతయైనను, నుదాత్తమైనను నీచమైనను, గవిభావన సోఁకినచో రసభావము నొందని వస్తువు లోకమున లేదని ధనంజయుని యభిప్రాయము. కావున వస్తువు జడ మన్న హేతువుచేత విషయమును ద్రోసివేయుటకు వీలులేదు. అయినను రోలు రసమున కంగము కాఁగల దనుట వేఱు, రోలే యాలంబన మనుట వేఱు. ఈ భేదమును గుర్తింపకపోవుటయే యిట్టి రచనలలోఁ బెక్కింటికి మూలదోషము.

రెండవది, కరుణమున కీ భావము చెందునా? భరతముని కరుణవిభావములలో నిష్టజనవిప్రయోగమును, విభవనాశమును జెప్పియున్నాఁడు. ప్రాఁతరోలు పోవుట విభవనాశము గాదు. దాని కంగడిలో వెల యంతగా లేదు. ఇష్టజనవిప్రయోగమును గాదు; రోలు జనము గాదు. ఐనను బాధ కలదు. ఈ బాధ వస్తువును విడుచునపుడు గాక, దానిని తూఁచునపుడు తీవ్రమగుట గమనింపఁదగినది. ఇత్తడిగంగాళము త్రాసు నెక్కి యిన్ని కిలోగ్రాములని తేలి, యిన్ని రూపాయలని నిర్ణయింపఁబడును. అంతవఱకు నది యే పెండ్లిలోఁ బెట్టఁబడినదో, యెవరి పుట్టినింటినుండి వచ్చినదో, యే పేరు దాని యంచుమీఁదఁ జెక్కఁబడినదో యన్న వృత్తాంతముతోఁ గూడియుండెను. త్రాసు దానిని లోహమాత్రముగఁ జేసెను. వెల లేనిదానికి వెల కట్టఁబడుటయే యిచ్చట శోకకారణము. విభవము నశించుట గాదు, విభవము కానిది విభవముగా లెక్కింపఁబడుట.

వస్తువునుగూర్చిన భావమునకు మన కావ్యములలో గొప్ప నిదర్శనములు మూఁడు కలవు. రామాయణ కిష్కింధాకాండమున సుగ్రీవుఁడు సీత విడిచిన యాభరణములఁ జూపఁగా రాముఁడు వానిని హృదయమునకు హత్తుకొని దుఃఖించును. లక్ష్మణుఁడు కాలియందెలను మాత్రమే గుర్తింపఁగలుగును. భాసుని స్వప్నవాసవదత్తమున నాఱవ యంకమందు ఘోషవతి యను వీణ నర్మదాతీరమున దొరకి యుదయనుని కడకు వచ్చును. అతఁడు దానిని నిందించును. పిదప శిల్పిచేత దానిని బాగుచేయించి తెమ్మని విదూషకు నాజ్ఞాపించును. అభిజ్ఞానశాకుంతలమున నాఱవ యంకమందు దుష్యంతుఁ డుంగరమును దూఱును, ఆ వ్రేళ్లను వీడి నీట నెట్లు పడితివని. వెంటనే తెలివి దెచ్చుకొనును: అది యచేతనము, గుణ మెఱుఁగకపోవుట దానికి సహజము, చేతనుఁడైన తాను ప్రియురాలి నెట్లు త్రోసిపుచ్చెను?

ఈ మూఁడవ నిదర్శనమున విషయసారమంతయు నున్నది. కాళిదాసు నాయకుని వస్తువుతో మాటలాడనిచ్చెను, కాని యక్కడ నిలువనీయలేదు. వస్తుసంబోధనము క్షణకాలము; తరువాత దృష్టి వస్తువునుండి తనమీఁదికి మరలెను. నింద యాత్మనింద యయ్యెను. కావున నుంగర మాలంబనము గాదు, శకుంతలయే యాలంబనము. ఉంగర ముద్దీపనము, స్మృతికిఁ ద్రోవ. ఆభరణములయందును, వీణయందును నిట్లే.

అయినను గృహోపకరణవియోగమున కీ మూఁటికిని నొక ముఖ్యభేదము కలదు. కావ్యములలో మనిషి దూరమై వస్తువు చేతికి వచ్చును. వస్తుప్రాప్తి యచ్చట శోకమునకు ద్వారము. ఇండ్లలో జరుగునది దీనికి విపరీతము. అవ్వ ముందుగనే పోయినది. ఆమె చేయి రాచి నునుపుచేసిన తిరుగలిపిడి మిగిలినది. ఇప్పు డా పిడియుఁ బోవుచున్నది. ఇది రెండవ వియోగము. మొదటి వియోగమునకుఁ గర్త కాలము. రెండవదానికిఁ గర్త గృహస్థుఁడే. మొదటిదానియం దతఁడు నిరపరాధి, రెండవదానియందుఁ గొంత యపరాధి. ఈ చిన్న యపరాధబుద్ధియే యీ భావమును శుద్ధశోకమునుండి వేఱుపఱుచుచున్నది. దుష్యంతుని పశ్చాత్తాప మిచ్చట గృహపరిమాణమునకుఁ దగ్గి కనఁబడుచున్నది.

పాశ్చాత్యసాహిత్యమున నీ విషయమును నేరుగాఁ జేపట్టిన ప్రసిద్ధరచన ఫ్రెంచి తత్త్వజ్ఞుఁడైన దిదెరో 1769వ సంవత్సరమున వ్రాసిన వ్యాసము. ఇంటిలోఁ దొడుగుకొను తన ప్రాఁత నిలువుటంగీ పోయినందుల కాతఁడు చింతించెను. దాని చెఱఁగు పుస్తకముల దుమ్ము దుడుచుటకును, గలపుసిరా తుడుచుటకును బనికివచ్చెడిది. క్రొత్తయెఱ్ఱని యంగీ రాఁగానే గదిలోని తక్కిన ప్రాఁతవస్తువులు దానికి సరిపడక యొక్కటొక్కటిగా మాఱిపోయెను. గడ్డియల్లిన కుర్చీకి మాఱుగాఁ దోలుకుర్చీ వచ్చెను. వస్త్రము తనకు లోఁబడుటకు మాఱుగాఁ దానే వస్త్రమునకు లోఁబడవలసి వచ్చిన దని యాతని వేదన. అమీరుపేట గృహస్థున కీ యనుభవము నూతనము గాదు. క్రొత్తయింటి పాలరాతినేల రాఁగానే ప్రాఁతమంచము తగకపోవును. మంచము మాఱఁగాఁ బెట్టె తగకపోవును. కాని దిదెరో రచనలో శోక మాత్మపరము. తన స్వేచ్ఛ పోయెనని యాతని విచారము. తెలుఁగిండ్లలో విచార మితరపరము. వస్తువువెంట నొకరి చేయి పోవుచున్నదని. ఈ భేదము సంస్కృతిభేదమువలన వచ్చినది, హెచ్చుతగ్గులవలన గాదు.

తెలుఁగుభాష యీ భావమును గూర్చి యేమనుచున్నది? క్రొత్త యొక వింత, ప్రాఁత యొక రోఁత యను సామెత యందఱును నెఱిఁగినదే. దీనిని గొందఱు ప్రాఁతను నిరసించు వాక్యముగాఁ గొందురు. అది సరికాదు. సామెత పలుకు సందర్భమును జూచినచో, వింతయని క్రొత్తవెంటఁ బడు మనుష్యస్వభావమునే యది యెత్తిపొడుచుచున్నదని తెలియును. మఱియొక సాక్ష్యము మమత యను పదము. మమ యనఁగా నాది. మమత యనఁగా నాది యను బుద్ధి. వేదాంతగ్రంథములలో నిది త్యజింపవలసిన దోషము. వ్యవహారమునఁ దెలుఁగువా రీ పదమునే ప్రేమవాచకముగఁ గైకొని, మమత లేనివాఁడని నిందించుచున్నారు. ఒకేపదము శాస్త్రమున బంధము, లోకమున గుణము. ప్రాఁతవస్తువును విడుచువాని మనస్సున నీ రెండర్థములును నొక్కసారి నిలుచును. విడువవలయునని శాస్త్రార్థము, విడువలేమని లోకార్థము.

ఆచారములును నీ రెండు పక్షములను బోషించుచున్నవి. సంక్రాంతికి ముందునాఁడు భోగిమంటలో నింటిలోని ప్రాఁతకఱ్ఱసామానును వేయుట తెలుఁగువారి వాడుక. పెండ్లికి ముందు పసుపు దంచునాఁడు రోలికిని రోఁకలికిని బసుపుఁగుంకుమ లుంచి పూజించుటయు వారి వాడుకయే. ఒకచోఁ ద్యాగము, ఒకచోఁ బూజ. రెంటికిని సామాన్యధర్మ మొకటి కలదు: రెండును గాలము నిర్ణయింపఁబడి, నలుగురి నడుమ, మర్యాదతో జరుగును. జపానుదేశమున ఫిబ్రవరి 8వ తేదిని విఱిగిన సూదులను దేవాలయములకుఁ గొనిపోయి, మెత్తని సోయాముద్దలో గుచ్చి, యవి చేసిన సేవకుఁ గృతజ్ఞత తెల్పు నాచారము కలదు. భోగినాఁడు విఱిగిన పీఁట మంటలోఁ బడునపు డెవ్వరును గంటఁ దడి పెట్టరు, పిల్లలు సంతసింతురు. ఆ పీఁటనే మఱునాఁడు త్రాసులో వేసినచో నింటియిల్లాలు మొగము త్రిప్పుకొనును. విధి యున్నచోట శోకము శమించును. విధి లేనిచోట వెల వచ్చి యా స్థానము నాక్రమించును. రాయికిని లోహమునకును భోగి లేదు. కావున వాని వియోగమునకు సాహిత్యమే విధి కావలసి వచ్చినది. ఈ రచనల యావశ్యకత యిచ్చటనే యున్నది.

ఇంతవఱకు భావమును సమర్థింపవచ్చును. కాని దీనిలో నొక గొప్ప యనౌచిత్యము దాఁగియున్నది. రోలుకై విలపించువా రందఱును రోఁకలి పట్టినవారు గారు. తెల్లవాఱుజామున లేచి వడ్లు దంచినది, మినుములు రుబ్బినది, పిండి విసరినది స్త్రీలు. వారి చేతులు కాయలు గాచినవి. పాల్కురికి సోమనాథుని నాఁటికే రోఁకటిపాట ప్రసిద్ధము. ఆ పాట శ్రమను మఱపించుటకుఁ బుట్టినది గాని, శ్రమ సుఖమనుటకుఁ బుట్టలేదు. బిరుదురాజు రామరాజుగారు మొదలగు పరిశోధకులు జానపదగేయములపైఁ జేసిన కృషివలన స్త్రీల పాటలకు విద్వల్లోకమునఁ దగిన స్థానము లభించినది. ఆ పాటలలో నత్తింటి కష్టము, పుట్టింటి తలఁపు, పనిభారము స్పష్టముగా వినఁబడుచున్నవి. మిక్సీ యింటికి వచ్చిననాఁడు నిట్టూర్పు విడిచినది గృహిణి. ఆ నిట్టూర్పు విచారముది గాదు, విశ్రాంతిది. దీనిని మఱచి, కూర్చుండి తినినవాఁడు రోలినిగూర్చి కన్నీరు నించినచోఁ గ్షేమేంద్రుని యౌచిత్యవిచారమునకు నిలువదు. ఆ కన్నీరు పరుల శ్రమపైఁ దనకుఁగల సుఖస్మృతికి మాత్రమే చెందును.

ఇచ్చట మూలప్రశ్నకు సమాధానము దొరకుచున్నది. రోలి నెవరు నిజముగా వాడిరో, యామె దానిని విడుచునపు డామె మనస్సు నొక్కక్షణము పరిశీలింపుఁడు. భారము తొలఁగిన దని హర్షము. అత్తయుఁ దల్లియుఁ దనప్రక్కఁ గూర్చుండి పనిచేసిన దినములు మరల రావని విషాదము. రెంటిని గలుపుచు స్మృతి. ఈ మూఁడును ముప్పదిమూఁడు వ్యభిచారిభావములలోఁ బరిగణింపఁబడినవే. రెండు భావములు తుల్యబలముతో నొకచోఁ గూడుట భావసంధి యని యాలంకారికులు నిర్వచించిరి. కావున గృహోపకరణవియోగము కరుణరసము గాదు, కరుణాభాసమును గాదు, హర్షవిషాదముల భావసంధి. దీనికి స్థాయి నారోపించి, పుత్రశోకమువలె వర్ణించుట యపచారము. రసము లేదని త్రోసివేయుటయు నంతే యపచారము. భావమునకుఁ దన పరిమాణము కలదు, తన గౌరవమును గలదు.

ఈ నిర్ణయము ఱాతివస్తువులకే చెల్లునని తలంపరాదు. అమీరుపేటకుఁ జేరువనున్న సనత్‌నగరు పారిశ్రామికవాటికయందలి హైదరాబాదు ఆల్విన్ సంస్థ 1942వ సంవత్సరమున స్థాపింపఁబడినది. ఆ సంస్థ పేర వెలువడిన శీతలయంత్రములు, నుక్కుబీరువాలు మధ్యతరగతి యిండ్లకుఁ జేరినవి. 1990ల దశకమున శీతలయంత్రశాఖ వోల్టాసు సంస్థ వశమయ్యెను. నాఁటి బీరువా యొకటి పంజాగుట్టలోని యింటినుండి తరలునపుడు వస్తువుతోఁ బాటు దాని తలుపుమీఁది పేరును బోవును. దానికి మాఱుగా నదే పేరుగలది దొరకదు. ఇచ్చటను హర్షమున్నది: క్రొత్తది విశాలము, నిశ్శబ్దము. విషాదమును నున్నది: ఆ తలుపు లోపలఁ బెన్సిలుతో గుర్తింపఁబడిన పిల్లల యెత్తులు, పాలలెక్కలు దానితోనే పోవును. యంత్రవస్తువులకు స్మృతి యంటదని వాదించువారి వాద మిట్టి తావుల నిలువదు. చేయి సోఁకినచోటనెల్ల స్మృతి యంటును.

ఇఁక నీ విషయముపై వెలువడు రచనలలోని దోషములు సంగ్రహముగాఁ జెప్పఁదగినవి. మొదటిది, దీర్ఘసంబోధనము. ఓ రోలా యని యారంభించి కడవఱకు నట్లే పిలుచుట వలన వస్తువు హాస్యాస్పదమగును; దుష్యంతునివలె వెంటనే మరలుట తెలియవలయును. రెండవది, సాధారణీకరణము లేమి. నా యవ్వ, నా యిల్లు, నా బాల్య మని యెంత వ్రాసినను జదువరి యవ్వ జ్ఞప్తికి రానిచో నది దినచర్య గాని కావ్యము గాదు. మూఁడవది, గతమంతయు స్వర్ణయుగ మన్న భ్రాంతి. నాలుగవది యన్నిటికంటె హానికరము: పేరులు తెలియకపోవుట. రోఁకలి చివరి యినుపకట్టు పొన్ను. అరిగిన తిరుగలిని మరల గఱుకుచేయుట కక్కుకొట్టుట. కోస్తావారి తిరుగలి తెలంగాణమున నిసుఱ్ఱాయి. నాలుగు గిద్దలు సోల, రెండు సోలలు తవ్వ, రెండు తవ్వలు మానిక, రెండు మానిక లడ్డ, రెం డడ్డలు కుంచము. 1956వ సంవత్సరపు తూనికల కొలతల చట్టముతో మెట్రికుమానము వచ్చి యీ పాత్రలు కొలతకుఁ బనికిరానివైనవి. పాత్ర పోయినఁ బదము పోవును. పదము పోయినఁ బ్రాచీనకావ్యములోని పంక్తి యర్థము గాకపోవును. 1936వ సంవత్సరమున మొదటి సంపుటము వెలువడిన సూర్యరాయాంధ్రనిఘంటువును, 1962వ సంవత్సరమున వ్యవసాయపదములతో నారంభమైన మాండలికవృత్తిపదకోశమును బదముల నుంచినవి. కాని పదము నిఘంటువునందుండుట వేఱు, నాలుకమీఁద నుండుట వేఱు. నిలువుటద్దమువంటి కావ్యమున నొక పొన్ను పేరు సరిగాఁ బడినచో నది వంద విలాపములకు సరియగును.

బడిపండితుల కిందువలన నొక కర్తవ్య మేర్పడుచున్నది. విద్యార్థులచే నింటిలోని ప్రాఁతవస్తువుమీఁద వ్యాసము వ్రాయించునపుడు, నీకెంత దుఃఖము కలిగినదని యడుగుటకు ముందు మూఁడు ప్రశ్న లడుగవలయును: దాని భాగముల పేరు లేమి? దానితో నెవరు పనిచేసిరి? అది పోయినందుల కా పనిచేసినవా రేమనిరి? ఈ మూఁటికి సమాధానము తెచ్చిన బాలునకు భావము తానే కలుగును. తేనివానికి భావముపేర నలంకారములే మిగులును.

అమీరుపేట సందులలోఁ బడిపోవు నిండ్లముందు, గుమ్మము లూడిన గోడల ప్రక్కను, దీసికొనిపోవువారు లేక మిగులునది తఱచుగా రోలే. దాని బరువే దానికి రక్ష. అందుఁ బడిన వాననీటిని బిచ్చుకలు త్రాగును. దానిని జూచి విలపించుటకంటె, దాని లోతెంత, యది యేలోహపు టులితోఁ దొలువఁబడినది, యెన్నియేండ్ల రోఁకటిపోటున నా నునుపు వచ్చినది యని వంగి చూచువాఁడే దానినిగూర్చి వ్రాయ నర్హుఁడు.